విశ్లేషణ: కొవ్వును తోడేస్తే గుండెకు ముప్పు తగ్గుతుందా?

సూరత్: 2025 మార్చి 7న సూరత్ నగరంలోని లింబాయత్ ప్రాంతంలో జరిగిన సభలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ రెండు అంశాలపై మాట్లాడారు. మొదటిది ఆహార భద్రత. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద 2.3 లక్షల మందికి పైగా లబ్ధిదారులకు ప్రయోజనాలు అందించేందుకు ఏర్పాటైన సభ అది. రెండవది ఊబకాయం. 2050 నాటికి దేశంలో 44 కోట్ల మందికి పైగా ఊబకాయం బారిన పడవచ్చన్న అధ్యయనాన్ని ఆయన ప్రస్తావించి, వంటనూనె వాడకాన్ని పది శాతం తగ్గించుకోవాలని కోరారు. తిండి గింజలు అందుకుంటున్న జనానికే తిండి వల్ల వచ్చే జబ్బు గురించీ చెప్పవలసి వచ్చింది. దేశం ఈనాడు ఉన్న స్థితి అది.

లింబాయత్ తెలుగువారికి కొత్త పేరు కాదు. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాన్ని నమ్ముకుని వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు సూరత్ పవర్‌లూమ్‌ల చుట్టూ తరతరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా తదితర మాధ్యమాలతో పాటు తెలుగులోనూ బడులు నడుపుతోందంటే వారి సంఖ్య ఊహించుకోవచ్చు. మగవారు మగ్గాల మీద నిలబడి పని చేస్తే, ఆడవారిలో చాలామంది ఇంటిపట్టునే చీరలకు రాళ్లు అతికించడం, అంచులు కుట్టడం, వేలాడే దారాలు కత్తిరించడం వంటి పనులు చేస్తారు. కూర్చున్న చోటి నుంచి లేవకుండా గంటల తరబడి సాగే పని. కండరానికి కదలిక లేదు. పళ్లెంలో మాత్రం అన్నమూ రొట్టే ఎక్కువ, పప్పూ కూరా తక్కువ. భోజనం చేస్తే సూరత్‌లో చేయాలి, పోతే కాశీలో పోవాలి అని గుజరాతీలు గర్వంగా చెప్పుకునే నగరమది. ఘారీ, లోచో వంటి నోరూరించే పదార్థాలకు పేరుపడిన ఊళ్లో నూనె తగ్గించమని చెప్పడానికి కొంత ధైర్యం కావాలి.

ఊబకాయం లెక్కల్లో గుజరాత్ కన్నా తెలుగు రాష్ట్రాలే ముందున్నాయన్న సంగతిని ఇక్కడ దాటవేయలేం. 2019-21 నాటి అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో ఎత్తుకు తగిన దానికన్నా ఎక్కువ బరువు, అంటే బీఎంఐ 25 లేదా అంతకు మించి ఉన్నవారు దేశం మొత్తం మీద 24 శాతం. గుజరాత్‌లో 22.6 శాతం, తెలంగాణలో 30.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. ఆంధ్రలో ప్రతి ముగ్గురు స్త్రీలలో ఒకరికి మించి ఉన్నారన్న మాట.

ఇంత పెద్ద సమస్య ఉన్నచోట దానికి సులువైన పరిష్కారం అమ్మేవారూ ఉంటారు. పొట్ట మీద, తొడల మీద చిన్న రంధ్రాలు చేసి, గొట్టం చొప్పించి కొవ్వును పీల్చివేసే లైపోసక్షన్ ఒకప్పుడు సినీతారల ముచ్చట. ఇప్పుడు మధ్యతరహా నగరాల్లోని క్లినిక్కుల దాకా వచ్చింది. అందం కోసం అని చెప్పి చేస్తే పేచీ లేదు. ఎవరి శరీరం వారి ఇష్టం. చిక్కల్లా, ‘కొవ్వు తగ్గితే షుగరూ గుండెజబ్బూ తగ్గుతాయి కదా’ అన్న లౌకిక తర్కం దాని వెంట వచ్చి చేరడంలో ఉంది. వినడానికి సబబుగానే ఉంటుంది. ఊబకాయం గుండెకు చేటు అని వైద్యులే చెబుతారు, ఊబకాయమంటే కొవ్వే కదా, ఆ కొవ్వును తీసేస్తే చేటు ఎందుకు పోదు?

ఈ ప్రశ్నను వైద్యశాస్త్రం నేరుగానే పరీక్షించింది. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్యూల్ క్లైన్ బృందం 15 మంది ఊబకాయ స్త్రీలపై జరిపిన అధ్యయనం 2004 జూన్‌లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వెలువడింది. వారిలో ఎనిమిది మందికి చక్కెర స్థాయి మామూలుగా ఉంది, ఏడుగురికి టైప్-2 మధుమేహం ఉంది. అందరికీ పొట్ట భాగంలో భారీ పరిమాణంలో లైపోసక్షన్ చేశారు. మొదటి జట్టులో ఒక్కొక్కరి నుంచి సగటున 9.1 కిలోలు, రెండవ జట్టులో 10.5 కిలోల కొవ్వు పోయింది. శరీరంలోని మొత్తం కొవ్వులో అది దాదాపు అయిదో వంతు. పొట్ట మీద చర్మం కింద ఉండే కొవ్వు మొదటి జట్టులో 44 శాతం, రెండవ జట్టులో 28 శాతం తగ్గిపోయింది.

పది, పన్నెండు వారాలు ఆగి మళ్లీ పరీక్షించారు. పరీక్ష పైపైన జరిగినది కాదు. ఇన్సులిన్‌ను నరం ద్వారా నిలకడగా ఎక్కిస్తూ, రక్తంలో చక్కెర పడిపోకుండా గ్లూకోజును సరిచూస్తూ, కండరాలు, కాలేయం, కొవ్వు కణజాలం ఇన్సులిన్‌కు ఎలా స్పందిస్తున్నాయో విడివిడిగా కొలిచారు. ఈ రంగంలో ప్రామాణికంగా భావించే పద్ధతి ఇది. స్పందనలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. రక్తపోటు మారలేదు. చక్కెర, కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు మారలేదు. రక్తనాళాల్లో వాపును సూచించే సీ-రియాక్టివ్ ప్రొటీన్ వంటివీ మారలేదు. ఆ స్త్రీలలో ఏడుగురిని 84 నుంచి 208 వారాల తరువాత తిరిగి పరీక్షించి, 2008లో అదే బృందం మరో పత్రం ప్రచురించింది. అప్పటికీ ఫలితం అదే.

ఆహారం తగ్గించి, నడక పెంచి శరీర బరువులో 5 నుంచి 10 శాతం తగ్గించుకున్నవారిలో ఈ కొలతలన్నీ మెరుగుపడతాయని ఏనాటి నుంచో తెలుసు. దానితో పోల్చదగ్గ బరువును గొట్టంతో తీసేస్తే మాత్రం ఏమీ కాలేదు. ఎందుకు?

ఎక్కడి కొవ్వు, ఎలా పోయిన కొవ్వు

మొదటి కారణం స్థానం. లైపోసక్షన్ గొట్టం చేరగలిగేది చర్మానికీ కండరానికీ నడుమనున్న పొర వరకే. కడుపు లోపల పేగుల చుట్టూ, కాలేయంలో, కండరాల్లో, గుండె చుట్టూ పేరుకునే కొవ్వును అది తాకదు, తాకకూడదు కూడా. పేగుల చుట్టూ ఉన్న కొవ్వు నుంచి వెలువడే కొవ్వు ఆమ్లాలు నేరుగా కాలేయానికి చేరుతాయి. కాలేయంలో కొవ్వు చేరిన కొద్దీ ఇన్సులిన్ మాట చెల్లదు. చక్కెర, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. చర్మం కింది కొవ్వు అంత దుర్మార్గమైనది కాదు. మిగులు శక్తిని దాచుకోవడానికి శరీరం ఏర్పాటు చేసుకున్న గాదె అది. ఆ గాదె నిండినప్పుడో, చిన్నదైనప్పుడో సరుకు ఇంట్లోని ప్రతి గదిలోకీ చేరుతుంది.

దక్షిణాసియా వారిలో ఈ గాదె చిన్నదన్న అభిప్రాయం పరిశోధకులలో బలంగా ఉంది. పుణెలోని కేఈఎం ఆసుపత్రికి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో ‘లాన్సెట్’ పత్రికలో తమ ఇద్దరి ఫొటోనే ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ సరిగ్గా 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూడ్డానికి ఇద్దరూ సన్నగానే ఉన్నారు. అందుకే భారతీయులకు బీఎంఐ 25 దాటితేనే ఊబకాయంగా, స్త్రీలకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాద సూచనగా మన వైద్యులు పరిగణిస్తున్నారు. కుటుంబ ఆరోగ్య సర్వే తుంటితో పోల్చి నడుమును కొలిచినప్పుడు, దేశంలోని స్త్రీలలో దాదాపు 57 శాతం మంది ప్రమాద పరిధిలో తేలారు. బరువు లెక్కలో 24 శాతం, నడుము లెక్కలో 57 శాతం! ఈ రెండు అంకెల మధ్య ఉన్నవారే, ‘నేనేమీ లావు లేను కదా’ అనుకుంటూ తిరిగేవారు.

అయితే స్థానం ఒక్కటే కారణమైతే లోపలి కొవ్వును కోసి తీసేస్తే సరిపోవాలి. అదీ ప్రయత్నించారు. పేగుల మీద తెరలా వేలాడే కొవ్వు పొరను శస్త్రచికిత్సతో తొలగించి చూసిన అధ్యయనాన్ని క్లైన్ బృందమే 2010లో ప్రచురించింది. ఉదరాన్ని చిన్నది చేసే శస్త్రచికిత్సతో పాటు ఆ పొరను తీసినా అదనపు మేలు కనబడలేదు. విడిగా తీసినా ఇన్సులిన్ స్పందన మెరుగుపడలేదు. అంటే కొవ్వు ఎక్కడి నుంచి పోయిందన్నదే కాదు, ఎలా పోయిందన్నదీ ముఖ్యమే. తిన్నదానికన్నా ఖర్చు ఎక్కువైనప్పుడు శరీరం తన నిల్వలను తానే కరిగించుకుంటుంది. కాలేయంలోని కొవ్వు ముందుగా తగ్గుతుంది, ఉబ్బిన కొవ్వు కణాలు చిన్నవవుతాయి, వాటి నుంచి వెలువడే రసాయనాల తీరు మారుతుంది. గొట్టంతో తోడితే కణాల సంఖ్య తగ్గుతుంది. మిగిలిన ప్రతి కణమూ మునుపటి పరిమాణంలోనే, మునుపటి గుణంతోనే ఉంటుంది. అప్పులో ఉన్న ఇంట్లో సామాను బయట పారేస్తే ఇల్లు ఖాళీగా కనిపిస్తుంది, అప్పు అలాగే ఉంటుంది.

ఎదురు సాక్ష్యమూ ఉంది

ఈ విషయంలో పరిశోధనలన్నీ ఒకే మాట చెబుతున్నాయనడం న్యాయం కాదు. ఇటలీలోని నేపుల్స్ పరిశోధకులు అదే 2004లో 30 మంది ఊబకాయ స్త్రీలలో లైపోసక్షన్ తరువాత ఇన్సులిన్ నిరోధం, వాపు సూచికలు తగ్గినట్లు నివేదించారు. అమెరికాలోని కాన్సస్‌కు చెందిన ప్లాస్టిక్ సర్జన్ ఎరిక్ స్వాన్సన్ 2011లో, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్న రోగులలో అవి సగటున 43 శాతం తగ్గాయని చెప్పారు. కొలెస్ట్రాల్‌లో మాత్రం ఆయనకూ మార్పు కనిపించలేదు. కొవ్వు తీయించుకున్న ఉత్సాహంలో తిండి తగ్గించి నడక మొదలుపెట్టేవారు ఉంటారు. ఆ ప్రభావాన్ని శస్త్రచికిత్స ప్రభావం నుంచి విడదీయడం తేలిక కాదు. క్లైన్ అధ్యయనం బలమంతా అక్కడే ఉంది. దాని బలహీనత 15 మందే ఉండటం. చిలీ పరిశోధకులు అప్పటివరకూ వచ్చిన అధ్యయనాలను కలిపి లెక్కగట్టి 2013లో ప్రచురించిన విశ్లేషణ, హృద్రోగానికి సంబంధించిన జీవక్రియ సూచికలను లైపోసక్షన్ మెరుగుపరచదనే తేల్చింది. ఇక్కడ మరొకటి గుర్తుంచుకోవాలి. ఈ అధ్యయనాలన్నీ కొలిచినవి సూచికలను మాత్రమే, గుండెపోట్లను కాదు.

తీసిన కొవ్వు తిరిగి వస్తుందా అన్న ప్రశ్నకు వచ్చిన జవాబు మరింత ఆలోచింపజేస్తుంది. కొలరాడో విశ్వవిద్యాలయం 2011లో ప్రచురించిన అధ్యయనంలో ఏడాది తిరిగేసరికి కొవ్వు తిరిగి వచ్చింది. తీసిన తొడల దగ్గరకు కాదు, పొట్ట భాగానికి. బ్రెజిల్‌లోని సావో పాలో విశ్వవిద్యాలయం 2012లో 36 మంది ఆరోగ్యవంతులైన, మామూలు బరువున్న స్త్రీలపై ప్రయోగం చేసింది. అందరికీ పొట్ట మీద కొద్దిపాటి లైపోసక్షన్ చేసి, సగం మందికి వ్యాయామ శిక్షణ ఇచ్చారు, సగం మందికి ఇవ్వలేదు. ఆరు నెలల తరువాత వ్యాయామం లేనివారిలో కడుపు లోపలి కొవ్వు పది శాతం పెరిగింది. వ్యాయామం చేసినవారిలో పెరగలేదు. సన్నని నడుము కోసం డబ్బిచ్చినవారికి లోపల అంతకుముందు లేని కొవ్వు పెరిగింది. వ్యాయామమే దాన్ని ఆపగలిగిందంటే, ఆ వ్యాయామం ముందే చేసి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న సహజం.

ప్రమాదం లేని పని కాదు

తెలుగు ప్రేక్షకులకు ఈ శస్త్రచికిత్స పేరు విషాదంతోనే పరిచయమైంది. న్యూజెర్సీలో గుజరాతీ కుటుంబంలో పుట్టి, 2001లో ‘నువ్వు నాకు నచ్చావ్’తో తెలుగువారి అభిమాన తార అయిన ఆర్తి అగర్వాల్ 2015 జూన్ 6న 31 ఏళ్ల వయసులో అమెరికాలో మరణించారు. అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నట్లు వార్తలు వచ్చాయి. దాన్నే మరణ కారణంగా చూపడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ వయసు స్త్రీ మీద, అందులోనూ కెమెరా ముందు నిలబడే స్త్రీ మీద, శరీరం గురించి ఎంత ఒత్తిడి ఉంటుందో ఆ వార్త చెప్పింది. 2022 మే నెలలో బెంగళూరులో కన్నడ నటి చేతనా రాజ్ కొవ్వు తొలగింపు శస్త్రచికిత్స జరిగిన రోజునే కన్నుమూశారు. ఆమె వయసు 21 సంవత్సరాలు.

అమెరికా ప్లాస్టిక్ సర్జన్లను ప్రశ్నించి 2000లో ప్రచురించిన సర్వేలో సుమారు 4.96 లక్షల లైపోసక్షన్లకు 95 మరణాలు లెక్కకు వచ్చాయి. అంటే దాదాపు అయిదు వేలకు ఒకటి. కాళ్ల సిరలలో ఏర్పడిన రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు చేరడం అందులో అన్నిటికన్నా పెద్ద కారణం. పాత అంకె ఇది, ఆ తరువాత పద్ధతులు మెరుగుపడ్డాయి. ఒకేసారి తీసే పరిమాణం అయిదు లీటర్లు దాటితే రోగిని ఆసుపత్రిలోనే ఉంచి గమనించాలన్న నియమం కూడా అలాంటి అనుభవాల నుంచే వచ్చింది. గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న స్త్రీకే మత్తుమందు, ద్రవాల హెచ్చుతగ్గులు, రక్తపు గడ్డలు ఎక్కువ ప్రమాదకరం. గుండె కోసమని లైపోసక్షన్‌కు వెళ్లడంలోని వైపరీత్యం అదే.

ఒకే మాట, రెండు శస్త్రచికిత్సలు

గందరగోళానికి భాష కూడా కొంత కారణం. ‘లావు తగ్గే ఆపరేషన్’ అని మనం రెండింటినీ ఒకే మాటతో పిలుస్తాం. కొవ్వును పీల్చేది ఒకటి. ఉదరం పరిమాణాన్ని తగ్గించి, కొన్ని పద్ధతులలో పేగు దారినీ మళ్లించే బేరియాట్రిక్ శస్త్రచికిత్స మరొకటి. రెండవది కొవ్వును ముట్టుకోదు. ఆకలినీ, హార్మోన్లనూ, తినగలిగే పరిమాణాన్నీ మార్చుతుంది. కొవ్వును శరీరమే కరిగించుకుంటుంది. స్వీడన్‌లో ఈ శస్త్రచికిత్స చేయించుకున్న 2,010 మందినీ, చేయించుకోని 2,037 మందినీ దాదాపు పదిహేనేళ్లు గమనించి 2012లో వెలువరించిన ఫలితాల్లో, గుండె, రక్తనాళాల జబ్బులతో మరణించినవారు మొదటి జట్టులో 28 మంది, రెండవ జట్టులో 49 మంది. ఇక్కడ కొలిచింది సూచికలను కాదు, మరణాలను. ఆ అధ్యయనంలో ఎక్కువమంది స్త్రీలే. ఎవరికి మేలు జరుగుతుందన్నది మొదట ఉన్న బరువును బట్టి కాక, రక్తంలో ఇన్సులిన్ స్థాయిని బట్టి తేలడం మరో విశేషం.

బరువు తగ్గిన ప్రతి దారీ గుండెను కాపాడుతుందని కూడా అనుకోరాదు. మధుమేహం ఉన్న అయిదు వేల మందికి పైగా అమెరికన్లతో ఏళ్ల తరబడి ఆహార, వ్యాయామ నియమాలు పాటింపజేసిన ‘లుక్ అహెడ్’ అధ్యయనం, వారిలో చక్కెర, రక్తపోటు మెరుగుపడినా గుండెపోట్లు తగ్గినట్లు చూపలేకపోయింది. మరోవైపు సెమాగ్లుటైడ్ ఔషధం, ఇప్పటికే గుండెజబ్బు ఉండి మధుమేహం లేని 17,604 మందిలో గుండెపోటు, పక్షవాతం, హృద్రోగ మరణాల ముప్పును 20 శాతం తగ్గించినట్లు 2023లో తేలింది. అందులో స్త్రీలు మూడింట ఒక వంతు కన్నా తక్కువే. ఆ మందు 2025లో ఊబకాయ చికిత్సకు భారత మార్కెట్లోకి వచ్చింది. సూరత్ మగ్గాల వాడలో నెలనెలా దాన్ని కొనగలిగేవారు ఎందరు?

బీమా సంస్థలకు ఈ తేడా ఎప్పుడో అర్థమైంది. బీమా నియంత్రణ సంస్థ ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల్లో సౌందర్య శస్త్రచికిత్స ఒక పద్దు, ఊబకాయ శస్త్రచికిత్స వేరొక పద్దు. రెండవదానికి వైద్యుని సలహా, బీఎంఐ 40, లేదా తీవ్రమైన అనుబంధ వ్యాధులుంటే 35 ఉండాలన్న షరతులతో దారి ఉంది. ఈ హద్దులు పాశ్చాత్య శరీరానికి గీసినవి. 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు ఆసియా వారికి 27.5 నుంచే శస్త్రచికిత్సను పరిశీలించవచ్చని సూచించాయి. 30 బీఎంఐతో, మధుమేహంతో, లింబాయత్‌లో చీరల పని చేసుకునే స్త్రీకి ఆ సూచన ప్రకారం అర్హత ఉంది, బీమా పత్రం ప్రకారం లేదు. చేతి నుంచి డబ్బు పెట్టుకోవలసి వచ్చినప్పుడు ఆమె కంటికి ముందు కనిపించేది చవకైన ప్రకటన, రెండు గంటల్లో ఇంటికి పంపుతామనే క్లినిక్.

కొలత ఏమి చెబుతుంది

నడుము చుట్టూ టేపు వేసి ముప్పును అంచనా వేయడం మన ప్రాథమిక ఆరోగ్య వ్యవస్థకు అందుబాటులో ఉన్న చవకైన, మంచి పద్ధతి. 52 దేశాల నుంచి దాదాపు 30 వేల మందిని పరిశీలించి 2004లో వెలువడిన ‘ఇంటర్‌హార్ట్’ అధ్యయనం సైతం గుండెపోటును ఊహించడంలో బీఎంఐ కన్నా నడుము, తుంటి నిష్పత్తి మెరుగని చూపింది. అయితే ఆ కొలత పనికివచ్చేది, బయటి చుట్టుకొలతకూ లోపలి కొవ్వుకూ మధ్య సహజమైన సంబంధం ఉన్నంత వరకే. లైపోసక్షన్ ఆ సంబంధాన్ని తెంచుతుంది. నడుము 95 సెంటీమీటర్ల నుంచి 82కు దిగవచ్చు. కాలేయంలో ఉన్నది అక్కడే ఉంటుంది. టేపు పచ్చజెండా ఊపుతుంది. బరువు తూచే యంత్రమూ అదే చేస్తుంది. రక్తపోటు మాత్ర మానేయడానికి, చక్కెర పరీక్ష వాయిదా వేయడానికి అంతకన్నా మంచి సాకు దొరకదు.

కాబట్టి ఆరోగ్య కేంద్రంలో నడుము కొలిచే నర్సు అడగవలసిన ప్రశ్న ఒకటి పెరిగింది: ఇదివరకు కొవ్వు తీయించుకున్నావా అమ్మా? అవునంటే టేపును పక్కన పెట్టి రక్తపోటు, పరగడుపు చక్కెర, మూడు నెలల సగటు చక్కెర, ట్రైగ్లిజరైడ్లు, కాలేయంలో కొవ్వు చూడాలి. గర్భిణిగా ఉన్నప్పుడు షుగర్ వచ్చిందా, రక్తపోటు పెరిగిందా అని అడగాలి. ఆ రెండూ తరువాతి జీవితంలో గుండె ముప్పును పెంచుతాయి, ఏ గొట్టమూ వాటిని చెరిపివేయదు. శస్త్రచికిత్సకు ముందు ఇవే పరీక్షలు చేయించి, మూడు నెలల తరువాత మళ్లీ చేయించమని క్లినిక్‌ను అడిగే హక్కు రోగికి ఉంది. సెయింట్ లూయిస్‌లో ఆ పదిహేను మందికి చేసినది స్థూలంగా అదే.